స్త్రీ జననాంగ వ్యాధులు, కణితులు: సారపాక–భద్రాచలం ప్రాంత నేపథ్యంలో

గర్భాశయం, దాని ముఖద్వారం, అండాశయాలు, అండవాహికలు, యోని, బాహ్య జననాంగాలు... వీటికి వచ్చే ఇన్‌ఫెక్షన్లు, గర్భసంచి జారడం, క్యాన్సర్ కాని గడ్డలు, క్యాన్సర్లు అన్నీ స్త్రీ జననాంగ వ్యాధుల కిందికే వస్తాయి. వైద్య గ్రంథాలు వీటిని అవయవాల వరసలో చెప్పుకుంటూ పోతాయి. సారపాక–భద్రాచలం ప్రాంతాన్ని ముందు పెట్టుకుని చూస్తే వరస మారుతుంది. ఇక్కడ ముందుగా అడగాల్సింది జబ్బు పేరు కాదు, ఆ జబ్బును ఎవరైనా పరీక్ష చేసి చూశారా, చూసినదాన్ని ఆ మనిషికి చెప్పారా అని.

సారపాక భద్రాద్రి కొత్తగూడెం జిల్లా బూర్గంపాడు మండలంలో, గోదావరి కుడి ఒడ్డున ఉంది. వంతెన దాటితే భద్రాచలం. ఐటీసీ పేపరు మిల్లు వల్ల సారపాక పారిశ్రామిక పట్టణమైంది. మిల్లు కాలనీ దాటగానే మొదలయ్యేవి మిర్చి, పత్తి చేలు, ఆపైన కోయ గూడేలు, అడవి. నెల జీతం వచ్చే ఇళ్లూ, తునికాకు కోసం వేసవిలో తెల్లవారుజామునే అడవికి వెళ్లే ఇళ్లూ కొద్ది కిలోమీటర్ల ఎడంలో ఉంటాయి. పెద్దాసుపత్రి అంటే నది ఆవల భద్రాచలం ఏరియా ఆసుపత్రి. క్యాన్సర్ అని తేలితే మాత్రం మూడు వందల కిలోమీటర్లు దాటి హైదరాబాదు పోవాల్సిందే.

చెప్పుకోని జబ్బులు

గ్రామీణ స్త్రీలలో ఈ వ్యాధులు ఎంత ఉన్నాయో దేశంలో మొదట లెక్కగట్టిన చోట్లలో ఒకటి తెలంగాణ సరిహద్దు అవతలే ఉంది. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి, ఫలితాలను 1989లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. బాధ చెప్పుకున్నవారినీ చెప్పుకోనివారినీ అందరినీ చూస్తే, నూటికి 92 మందిలో ఏదో ఒక జననాంగ వ్యాధి ఉంది. ఒక్కొక్కరికి సగటున 3.6 జబ్బులు. అంతకుముందు జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి పరీక్ష జరిగినవారు నూటికి ఎనిమిది మందే. ప్రసూతి, కుటుంబ నియంత్రణ తప్ప స్త్రీ ఆరోగ్యమంటే ఇంకేమీ లేదన్నట్టు నడుస్తున్న ప్రభుత్వ వైద్యాన్ని ఆ అంకెలు కుదిపాయి. గడ్చిరోలి కూడా అడవి జిల్లాయే. కోయల్లాగే గోండు కుటుంబానికి చెందిన ప్రజలే అక్కడా ఉంటారు. అందుకే గోదావరి మన్యానికి దగ్గరి పోలిక అదే.

తెలుగు ఊళ్లలో ఆడవాళ్లు ఏఎన్ఎం దగ్గర ఎక్కువగా చెప్పే మాట ‘తెల్లబట్ట అవుతోంది’ అని. నెలసరి మధ్యలో కొద్దిగా జిగురు కనబడటం సహజం. పెరుగు విరిగినట్టు తెల్లగా, విపరీతమైన దురదతో వస్తే అది కాండిడా అనే శిలీంధ్రం. పలచగా, చేపల వాసనతో ఉంటే యోనిలోని మేలు చేసే సూక్ష్మజీవులు తగ్గి వేరేవి పెరిగాయని అర్థం. పచ్చగా, నురగగా వస్తే ట్రైకోమోనాస్‌ను అనుమానించాలి. అది లైంగికంగా అంటేది కాబట్టి భర్తకూ మందులివ్వాలి. తెల్లబట్ట అయితే ఒళ్లు కరిగిపోతోందని, ఎముకల్లో సత్తువ కారిపోతోందని భయపడేవారు చాలామంది. అది అపోహ. ల్యాబు లేని చోట లక్షణాలను బట్టి మందులివ్వడానికి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ రంగుల కిట్లు రూపొందించింది. యోని స్రావానికి ఆకుపచ్చ కిట్, పొత్తికడుపు నొప్పికి పసుపు కిట్. చదువు అంతగా లేకపోయినా రంగును బట్టి గుర్తుపెట్టుకోవచ్చు. అయితే స్పెక్యులం అనే పరికరంతో లోపలికి చూడకుండా కిట్ చేతిలో పెట్టి పంపడం అలవాటైతే, ముఖద్వారం మీద పుండు ఉన్నా అది తెల్లబట్ట ఖాతాలోనే పోతుంది.

ఇన్‌ఫెక్షన్ పైకి పాకి అండవాహికలకు చేరితే పొత్తికడుపు నొప్పి, జ్వరం వస్తాయి. తగ్గాక కూడా నాళాలు అతుక్కుపోయి పిల్లలు పుట్టకపోవచ్చు, లేదా గర్భం నాళంలోనే నిలిచిపోవచ్చు. నెల తప్పిన స్త్రీకి ఒక పక్క కడుపునొప్పి, కళ్లు తిరగడం కలిపి వస్తే నాళం పగిలిందేమోనని గంటల్లో చూడాలి. మన దేశంలో అండవాహికలు మూసుకుపోవడానికి క్షయ కూడా ముఖ్య కారణం. దగ్గు ఉండదు, కళ్లె పరీక్షలో దొరకదు. పిల్లలు లేరని తిరిగి తిరిగి చివరికి గర్భాశయ లోపొర ముక్క తీసి పరీక్షిస్తే బయటపడుతుంది. ఆరు నెలల క్షయ మందులతో జబ్బు తగ్గినా, దెబ్బతిన్న నాళాలు అన్నిసార్లూ బాగుపడవు.

గర్భసంచి జారడం మరో మౌన వ్యాధి. ఎక్కువ కాన్పులు, కాన్పైన కొద్ది రోజులకే బరువులెత్తడం, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం దీనికి దారితీస్తాయి. మిర్చి బస్తా, నీళ్ల బిందె, కట్టెల మోపు ఆడవాళ్ల నెత్తికే ఎక్కే ఊళ్లలో ఇది అరుదు కాదు. మొదటి దశలో కటి కండరాల వ్యాయామం, తర్వాత యోనిలో అమర్చే రింగు, ముదిరితే ఆపరేషన్. రింగు చవకైనది, కోత లేనిది. దాని గురించి చెప్పేవాళ్లు మాత్రం తక్కువ.

క్యాన్సర్ కాని గడ్డలు

స్త్రీ జననాంగాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కణితి ఫైబ్రాయిడ్. గర్భాశయపు కండరంలోంచి పుట్టే గట్టి గడ్డ ఇది. ఒకటి ఉండొచ్చు, పది ఉండొచ్చు. ఆవగింజంత ఉండొచ్చు, ఆరు నెలల కడుపంత పెరగొచ్చు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు ఉన్నంతకాలం పెరిగి, ముట్లుడిగాక కుంచించుకుపోతుంది. క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదు. చాలామందికి ఇది ఉన్నట్టే తెలియదు. స్కానింగ్ కాగితంలో ‘ఫైబ్రాయిడ్’ అన్న మాట కనబడినంత మాత్రాన చికిత్స అక్కర్లేదు. గడ్డ గర్భాశయ లోపొరలోకి పొడుచుకొస్తే మాత్రం నెలసరిలో విపరీతంగా రక్తం పోయి, ఆడమనిషి పాలిపోతుంది. రక్తహీనత ముందే ఉన్న గిరిజన స్త్రీలకు ఇది పెద్ద దెబ్బ. మాత్రలు, హార్మోన్ విడుదల చేసే లూప్, గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్, గడ్డకు రక్తం అందించే నాళాన్ని మూసే పద్ధతి... ఇవన్నీ గర్భసంచి తొలగింపుకు ముందు ఉన్న మెట్లు.

గర్భాశయ లోపొరలాంటి కణజాలం బయట, అంటే అండాశయాల మీద, పేగుల దగ్గర పెరిగితే ఎండోమెట్రియోసిస్. నెలనెలా అదీ రక్తం కార్చి, అతుకులు పడి, మెలిపెట్టే నొప్పి తెస్తుంది. ‘పెళ్లయితే పోతుందిలే’ అని ఇళ్లలో తోసిపుచ్చే నొప్పి వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

అండాశయంలో కనబడే నీటిబుడగల్లో అత్యధిక భాగం రెండు మూడు నెలలకు వాటంతటవే పోతాయి. డెర్మాయిడ్ అనే గడ్డ వేరు. దాన్ని కోస్తే లోపల కొవ్వు, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు కూడా ఉంటాయి. చేతబడి అనుకునే కాలంలో ఈ గడ్డలు ఎన్ని కథలు పుట్టించాయో చెప్పలేం. అండాన్ని పుట్టించే కణం శరీరంలోని ఏ కణజాలంగానైనా మారగలదు కాబట్టి అలా జరుగుతుంది, అంతే. ఇది చాలావరకు నిరపాయకరం. కాకపోతే బరువుకు అండాశయం మెలిపడితే అత్యవసర ఆపరేషన్ కావాలి.

గర్భసంచి తొలగింపులు

ఇక్కడ ఆగి మాట్లాడుకోవాల్సిన విషయం గర్భసంచి తొలగింపు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు మూడు శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది, తెలంగాణలో ఎనిమిది శాతం. దేశ పట్టికలో రెండు తెలుగు రాష్ట్రాలూ పై వరసలో ఉన్నాయి. సర్వేలో ఉన్న వయసువారిలో ఆపరేషన్ అయినవాళ్లలో సగం మందికి అది ముప్ఫై అయిదేళ్లలోపే జరిగింది. మూడింట రెండు వంతులకు పైగా ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. తెలుగు స్త్రీల గర్భసంచులకే ప్రత్యేకంగా జబ్బులు వస్తాయనడానికి వైద్యంలో ఆధారమేమీ లేదు.

కారణాలు వేరే ఉన్నాయి. పిల్లలు పుట్టి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకే కు.ని. ఆపరేషన్ అయిపోయిన స్త్రీకి ‘ఇక ఆ సంచితో పనేముంది’ అన్న మాట సులువుగా ఎక్కుతుంది. తెల్లబట్టకు, నడుంనొప్పికి ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే అతను పట్నంలోని నర్సింగ్ హోంకు పంపుతాడు. అక్కడ స్కానింగ్. ‘ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది’ అన్న ఒక్క వాక్యంతో పని పూర్తవుతుంది. నెలసరి రోజుల్లో కూలి పోతుందనే లెక్క కూడా కొందరిది. మెదక్ జిల్లా ప్రాంతంలో ఈ ఆపరేషన్ల తీరును పరిశీలించిన వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి ప్రకాష్ వీటిలో అనేకం అవసరం లేనివని చాలా ఏళ్లుగా చెబుతూ వచ్చారు. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం మొదలయ్యాక ప్రైవేటులో ఈ కేసులు విపరీతం కావడంతో, తర్వాత ప్రభుత్వం వాటి మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ఇలాంటి ఆపరేషన్ల మీద వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని ఆదేశించింది.

గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ముప్ఫై ఏళ్లకే ముట్లుడిగిన స్థితి వస్తుంది. ఒంట్లోంచి ఆవిర్లు, నిద్రలేమి, ఎముకల బోలుతనం, గుండెజబ్బు ముప్పు ముందే వచ్చి పడతాయి. అండాశయాలను ఉంచినా వాటి పని కొంత ముందే ఆగిపోవచ్చు. ఈ ఆపరేషన్ ప్రాణం నిలిపే సందర్భాలు నిజంగానే ఉన్నాయి: క్యాన్సర్, కాన్పులో ఆగని రక్తస్రావం, మందులకు లొంగని పెద్ద ఫైబ్రాయిడ్లు. తెల్లబట్ట వాటిలో లేదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్

భారతీయ స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ తర్వాతి స్థానం దీనిదే. గ్లోబోకాన్ 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏడాదికి సుమారు 1,27,000 కొత్త కేసులు, 80,000 మరణాలు. ఇంత ప్రాణాంతకమైన ఈ జబ్బే అన్ని క్యాన్సర్లలోకీ నివారించడానికి వీలైన వాటిలో ఒకటి.

కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో ఈ క్యాన్సర్ కణితుల్లో 16వ రకాన్ని, మరుసటి ఏడు 18వ రకాన్ని కనుగొంది. అందుకు ఆయనకు 2008లో నోబెల్ వచ్చింది. లైంగిక జీవితం మొదలైన ఎవరికైనా ఈ వైరస్ సోకవచ్చు. దీనికీ నడవడికకూ ముడిపెట్టి స్త్రీని అనుమానించడం అన్యాయం, అశాస్త్రీయం. పది మందికి సోకితే తొమ్మిది మందిలో రెండేళ్లలోపు అదే పోతుంది. మిగిలినవారిలో తిష్ఠ వేసి, కణాల రూపు మార్చి, పది ఇరవై ఏళ్లకు క్యాన్సర్ చేస్తుంది. హైదరాబాదులోని రోగుల కణితులను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనంలోనూ అత్యధికంగా దొరికింది 16వ రకమే, తర్వాత 18వది.

ఆ పది ఇరవై ఏళ్ల వ్యవధే వైద్యానికి దొరికే అవకాశం. పట్టుకోవడానికి మూడు పరీక్షలున్నాయి. పాప్ స్మియర్‌కు స్లైడు చదివే నిపుణులు కావాలి. హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష అన్నిటికంటే కచ్చితమైనది, ఖర్చుతో కూడినది. మూడోది వీఐఏ. ఇది ఉపకేంద్రంలో కూడా చేయొచ్చు. పడుకోబెట్టి, స్పెక్యులం పెట్టి, టార్చిలైటు వెలుగులో ముఖద్వారాన్ని చూస్తారు. దూది ఉండను అయిదు శాతం ఎసిటిక్ ఆమ్లంలో, అంటే వెనిగర్ పాటి ద్రావణంలో ముంచి అక్కడ అద్దుతారు. ఒక నిమిషం ఆగాలి. మామూలు కణజాలం గులాబీ రంగులోనే ఉంటుంది. మార్పు వచ్చిన చోట అంచులు తేలిన తెల్లటి మచ్చ లేస్తుంది. కొద్దిగా చురుక్కుమనడం తప్ప నొప్పి ఉండదు. మచ్చ చిన్నదైతే అక్కడికక్కడే చలితో గడ్డకట్టించి గానీ వేడితో కాల్చి గానీ తీసేయవచ్చు. మత్తు, కుట్లు, పడక ఏమీ అక్కర్లేదు.

దీని సత్తాకు రుజువులూ మన దేశంలోంచే వచ్చాయి. తమిళనాడు దిండిగల్ జిల్లాలో జరిగిన వీఐఏ ప్రయోగం మరణాలను మూడో వంతుకు పైగా తగ్గించింది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్ఫై వేల మందికి పైగా స్త్రీలతో జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినా ఎనిమిదేళ్లలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయని తేలింది. ఆ ప్రయోగంలో పోలిక కోసం ఉంచిన స్త్రీలకు ఏ పరీక్షా చేయకపోవడం సబబేనా అన్న వాదన ఇప్పటికీ ఉంది.

ముప్ఫై దాటిన ప్రతి స్త్రీకీ అయిదేళ్లకోసారి వీఐఏ చేయాలన్నది జాతీయ కార్యక్రమంలోని లక్ష్యం. 2019–21 సర్వేలో 30–49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తం మీద రెండు శాతం కూడా లేరు. తెలుగు రాష్ట్రాల అంకె దానికంటే మెరుగు, అయినా ఒక్క అంకె దాటలేదు. అంటే ఒక్కసారైనా ముఖద్వారాన్ని చూపించుకున్న తెలుగు స్త్రీల శాతం కంటే, గర్భసంచే తీయించుకున్నవారి శాతం ఎక్కువ.

భార్యాభర్తలు కలిసినప్పుడు రక్తం కనబడటం, నెలసరి మధ్యలో రక్తం, దుర్వాసనతో స్రావం, ముట్లుడిగిన ఏడాది తర్వాత మళ్లీ ఎరుపు కనబడటం ఈ జబ్బు లక్షణాలు. ఆ చివరిది ఎంత కొద్దిగా ఉన్నా ఆగకూడదు. అది గర్భాశయ లోపొర క్యాన్సర్‌కు కూడా తొలి గుర్తే. ఆ క్యాన్సర్ స్థూలకాయం, మధుమేహం ఉన్నవారిలో ఎక్కువ. ఇలా ముందే రక్తం కనబడుతుంది కాబట్టి తొందరగా దొరికి నయమవుతుంది.

భద్రాచలంలో టీకా

2009 జులై 9న అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా కార్యక్రమం మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలను ఎంచుకున్నారు. సారపాక ఉన్న బూర్గంపాడు మండలం ఆ జాబితాలో లేదు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ప్రాజెక్టు ఇది. నిధులు గేట్స్ ఫౌండేషన్‌వి. మెర్క్ కంపెనీ గార్డసిల్ టీకాను ఉచితంగా ఇచ్చింది. పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలు సుమారు పద్నాలుగు వేల మందికి వేశారు. ఆరు నెలల్లో మూడు సూదులు. అదే ఏడు ఆగస్టులో గుజరాత్‌లోని వడోదరలో సెర్వారిక్స్ అనే మరో టీకాతో రెండో భాగం మొదలైంది.

ఖమ్మం బాలికల్లో ఎక్కువమంది నిరుపేద కుటుంబాలవారు, చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో, సంక్షేమ హాస్టళ్లలో చదువుకునేవారు. తల్లిదండ్రులు దూరపు గూడేల్లో ఉంటారు. హాస్టల్లో పిల్లలంతా ఒకేచోట దొరుకుతారు కాబట్టి టీకా వేయడం సులువు. సమస్య సరిగ్గా అక్కడే మొదలైంది. 2010 మార్చిలో సమా అనే మహిళా ఆరోగ్య సంస్థ బృందం భద్రాచలం వచ్చి బాలికలతో, తల్లిదండ్రులతో మాట్లాడింది. ఇది పరిశోధనలో భాగమని, వద్దనే హక్కు ఉందని చాలామందికి తెలియదని తేలింది. క్యాన్సర్ రాకుండా ప్రభుత్వం వేస్తున్న సూది అనే అనుకున్నారు. ఈలోగా రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. వారిలో అయిదుగురు ఆంధ్రప్రదేశ్ వారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని నిలిపేసింది.

కేంద్రం వేసిన విచారణ సంఘం 2011 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. ఆ మరణాలకు టీకా కారణమనడానికి ఆధారం దొరకలేదు. ఒక బాలిక క్వారీ నీళ్లలో మునిగింది, ఒకరిని పాము కరిచింది, ఇద్దరు పురుగుమందు తాగారు, ఒకరు మలేరియాతో పోయారు. మిగిలిన ఇద్దరి విషయంలోనే కారణం అంత స్పష్టంగా లేదు. ఆ వరస చదివితే టీకా సంగతి ఎలా ఉన్నా, మన పల్లెల్లో ఆడపిల్లలు దేనితో చనిపోతున్నారో కళ్లకు కడుతుంది.

టీకా తప్పించుకుంది గానీ, వేసిన పద్ధతి తప్పించుకోలేదు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదికలో అనుమతి పత్రాల లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. తల్లో తండ్రో పెట్టాల్సిన సంతకం అది. సాక్షి సంతకం లేనివి, తేదీ లేనివి వేరే. టీకా తర్వాత ఎవరికేమైందో నమోదు చేసే ఏర్పాటు కూడా నామమాత్రమేనని సంఘం తప్పుపట్టింది. పాత్ సంస్థ ఈ ఆరోపణలను అంగీకరించలేదు. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వార్డెన్ సంతకాన్ని ‘చిన్న సాంకేతిక లోపం’ అని వాదించినవారున్నారు. పట్నంలో ఫీజు కట్టే స్కూల్లో ప్రిన్సిపాల్ తనంత తాను సంతకం చేసి పిల్లలకు ప్రయోగపు సూది వేయించగలడా అన్న ప్రశ్నకు మాత్రం వారి దగ్గర జవాబు లేదు.

ఆ నిలిపివేత ఫలితం ఎవరూ ఊహించని చోట తేలింది. అదే సమయంలో దేశంలోని తొమ్మిది కేంద్రాల్లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వేరే అధ్యయనం నడుపుతోంది. రెండు సూదులు చాలా, మూడు కావాలా అని చూడటం దాని ఉద్దేశం. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఆ కేంద్రాల్లో ఒకటి. ఖమ్మం ఘటనతో హెచ్‌పీవీ టీకా ప్రయోగాలన్నీ ఆగిపోయేసరికి అక్కడ కూడా సూదులు మధ్యలోనే నిలిచాయి. ఇరవై వేల మందిని చేర్చుకోవాలనుకుంటే అప్పటికి 17,729 మందికి టీకా పడింది. వారిలో దాదాపు అయిదు వేల మందికి అందింది ఒక్క సూదే. పరిశోధకులు వారిని వదిలేయకుండా ఏళ్ల తరబడి గమనించారు. 2021లో లాన్సెట్ ఆంకాలజీలో ఫలితం వచ్చింది: 16, 18 రకాల వైరస్ తిష్ఠ వేయకుండా ఒక్క సూది 95 శాతం కాపాడింది, రెండు మూడు సూదులకు ఏమీ తీసిపోలేదు. కెన్యాలో జరిగిన ప్రయోగం కూడా అదే చెప్పింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు పద్ధతిని ఆమోదించింది. పేద దేశాలకు టీకా ఖర్చు ఒక్కసారిగా తగ్గింది.

మన దేశంలో మాత్రం 2010 నాటి అపనమ్మకం చాలాకాలం వెంటాడింది. పంజాబ్‌లోని రెండు జిల్లాలు, సిక్కిం రాష్ట్రం సొంతంగా టీకా వేసినా, మిగిలిన దేశం చాలావరకు ఆగిపోయింది. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావ్యాక్‌కు 2022లో అనుమతి వచ్చాక మళ్లీ కదలిక వచ్చింది. టీకా వైరస్ సోకకముందు వేస్తేనే బాగా పనిచేస్తుంది, అందుకే తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల వయసు. టీకా వేసుకున్నవారికి కూడా ముప్ఫై దాటాక పరీక్షలు తప్పవు.

అండాశయ క్యాన్సర్, అరుదైనవి

అండాశయ క్యాన్సర్‌కు ఇలాంటి ముందస్తు పరీక్ష ఏదీ లేదు. దేశంలో ఏడాదికి 47 వేల కొత్త కేసులుంటాయని గ్లోబోకాన్ 2022 అంచనా. కడుపు ఉబ్బరం, రెండు ముద్దలకే నిండిపోవడం, మాటిమాటికీ మూత్రం... ఇవి గ్యాస్ అనుకుని మాత్రలు వేసుకునే లక్షణాలు. కడుపులో నీరు చేరాకే చాలామంది దొరుకుతారు. బీఆర్‌సీఏ జన్యువుల్లో లోపం ఉన్న కుటుంబాల్లో ముప్పు ఎక్కువ. తల్లికో అక్కకో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. యోని, బాహ్య జననాంగ క్యాన్సర్లు అరుదు, ఎక్కువగా పెద్ద వయసులో వస్తాయి. ఏళ్ల తరబడి మానని దురద, తెల్లగా పలచబడిన చర్మం, పుండు ఉంటే ముక్క తీసి పరీక్షించాలి.

ముత్యాల గర్భం గురించి తెలుగువారు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. గర్భంలో బిడ్డకు బదులు మాయ నీటిబుడగల గుత్తుల్లా పెరగడం ఇది. లోపలిదాన్ని తీసేశాక కూడా నెలల తరబడి రక్తంలో హెచ్‌సీజీ హార్మోన్ చూస్తూ ఉండాలి. ఎందుకంటే కొందరిలో అది కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌గా మారి ఊపిరితిత్తులకు పాకుతుంది. ఒకప్పుడు అది దాదాపు మరణశాసనం. 1956లో అమెరికాలో మిన్ చియు లీ అనే వైద్యుడు మెథోట్రెక్సేట్ మందుతో దాన్ని నయం చేశాడు. గడ్డగా పెరిగే క్యాన్సర్‌ను మందుతోనే పూర్తిగా నయం చేయడం అదే మొదలు. ఆ మందు పుట్టింది లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన బృందంలో. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన ఆ బృందమే, దానికి అడ్డుపడే మందులనూ తయారుచేసింది. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు, ఈ విజయం చూడలేదు. నాళంలో నిలిచిన గర్భాన్ని తొలిదశలో కోత లేకుండా కరిగించడానికీ ఇప్పుడు అదే మందు వాడుతున్నారు.

చికిత్స, దూరం

ముఖద్వార క్యాన్సర్ మొదటి దశలో ఆపరేషన్‌తో పోతుంది. ఆ దశ దాటితే రేడియేషన్. మన జనం దాన్ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలు బయటినుంచి, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే మందు, ఆపైన గర్భాశయం లోపలే రేడియోధార్మిక మూలకాన్ని కొద్ది నిమిషాలు ఉంచే బ్రాకీథెరపీ. ఈ పద్ధతిని ముందుకు తీసుకెళ్లిన వైద్యుల్లో అమెరికాలో స్థిరపడిన కృష్ణా జిల్లా వైద్యుడు నోరి దత్తాత్రేయుడు ఒకరు. మధ్యలో మానేస్తే, కాలం సాగదీస్తే ఫలితం పడిపోతుంది. సారపాక నుంచి వెళ్లే స్త్రీకి ఇది హైదరాబాదులో రెండు నెలల మకాం. అక్కడ ఒక దారి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ ఆసుపత్రి. మరొకటి, క్యాన్సర్‌తో మరణించిన భార్య పేరిట ఎన్.టి. రామారావు తలపెట్టగా 2000లో మొదలైన బసవతారకం ఆసుపత్రి. ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు భరిస్తుంది. వెంట ఉండే మనిషి కూలి, ఇంట్లో పిల్లలకు వండిపెట్టే దిక్కు దాని లెక్కలోకి రావు. మిర్చి కోతల్లో జబ్బు బయటపడితే ‘కోతలయ్యాక వెళ్దాం’ అనుకునే ఇళ్లే ఎక్కువ. ఆ రెండు మూడు నెలల్లోనే రెండో దశ మూడో దశ కావచ్చు.

తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న ‘ఆరోగ్య మహిళ’ పేరుతో మంగళవారం క్లినిక్‌లు ప్రారంభించింది. మొదట వంద ఆరోగ్య కేంద్రాల్లో మొదలైన ఈ క్లినిక్‌లలో రొమ్ము, ముఖద్వార క్యాన్సర్ పరీక్షలూ ఉన్నాయి. అడవి సరిహద్దులో ఇవి పనిచేయాలంటే కోయ భాష తెలిసిన ఆశా కార్యకర్త, తలుపు గడియ పడే గది, లేడీ డాక్టరో శిక్షణ పొందిన నర్సో కావాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు పట్టుకుని వచ్చిన దారినే వెనక్కి పోతారు.

మరో చిక్కు సరిహద్దుది. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో పట్టణం మినహా పాత భద్రాచలం మండలం, బూర్గంపాడు మండలంలోని కొన్ని ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2009లో టీకా వేసిన మండలం ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ఉంది. ఎటపాక, నెల్లిపాక వైపు గూడేలవారికి దగ్గరి పెద్దాసుపత్రి ఇప్పటికీ తెలంగాణలోని భద్రాచలమే. అక్కడ బయాప్సీ చేయించుకున్న స్త్రీ పై ఆసుపత్రికి బయల్దేరేముందు తన కార్డు ఏ రాష్ట్రానిదో, చికిత్స ఏ పథకం కింద నమోదవుతుందో తేల్చుకోవాలి. ఆధార్, రేషన్ కార్డు, బయాప్సీ రిపోర్టు అసలు ప్రతులు వెంట పెట్టుకోవాలి.